ఆకాశంలో ఉమ్మడి కళ్లు: భూ పరిశీలనలో దేశాల సహకారంపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం మీద పడ్డ తుఫానుకు పాకిస్తాన్ పేరు పెట్టడమేంటి?

2018 అక్టోబర్‌లో పలాస వైపు కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చిన తిత్లీకి ఆ పేరు ఇచ్చింది పాకిస్తానే. 2014లో విశాఖను ఊపేసిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మయన్మార్ వాళ్లది, 2025 అక్టోబర్‌లో వచ్చిన మొంథా థాయ్‌లాండ్ వాళ్లది. 2020లో వచ్చిన జాబితాలో 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చాయి, మొత్తం 169. తిత్లీ, హుద్‌హుద్ అంతకుముందు జాబితాలోవి.

పేరు పైకి కనిపించే ముక్క మాత్రమే. ఢిల్లీలోని మన వాతావరణ శాఖ కేంద్రం ఈ 13 దేశాలకూ తుఫాను సూచనలు పంపుతుంది, అందులో పాకిస్తాన్ కూడా ఉంది. సరిహద్దులో తుపాకులు పేలుతున్నా ఈ కబురు ఆగదు. ఆ సూచన తయారవ్వాలంటే జపాన్, యూరప్, అమెరికా, చైనా శాటిలైట్ల లెక్కలు, ఎన్నో దేశాల బెలూన్ల లెక్కలు ముందు ఢిల్లీ చేరాలి. ఇవన్నీ ఎవరు ఎవరికి ఎందుకు ఇస్తున్నారు, ఇవ్వకపోతే ఏమవుతుంది అన్నదే ఈ పేజీ.

ప్రతి దేశం తన శాటిలైట్ తాను వేసుకుంటే గొడవే ఉండదు కదా?

36,000 కిలోమీటర్ల ఎత్తున కదలనట్టు కనిపించే శాటిలైట్ భూమిలో మూడో వంతునే చూస్తుంది, ధ్రువాల వైపు దానికి సరిగా కనపడదు. 800 కిలోమీటర్ల ఎత్తులో ధ్రువాల మీదుగా తిరిగేది భూమినంతా చూస్తుంది కానీ, ఒక్క ఊరి మీదకు రోజుకు రెండుసార్లే వస్తుంది. ఇవాళ విజయవాడకు వారం ముందు చెప్పే వాన కబురు కోసం కంప్యూటర్‌కు భూగోళం మొత్తం మీద ఈ క్షణాన గాలి ఎలా ఉందో కావాలి. ఎంత డబ్బున్న దేశమైనా ఇన్ని రకాల శాటిలైట్లు ఒంటి చేత్తో నడపలేదు.

అందుకే డ్యూటీలు వేసుకున్నారు, ఆస్పత్రిలో నర్సుల షిఫ్టుల్లాగే. 1998లో అమెరికా, యూరప్ ఒప్పందం రాసుకున్నాయి: ఏ ఊరి మీదుగానైనా మధ్యాహ్నం పూట దాటే కక్ష్య అమెరికాది, పొద్దుటి పూట దాటేది యూరప్‌ది. తెల్లవారుజాము షిఫ్టులో మాత్రం పౌర వాతావరణ శాటిలైట్ ఒక్కటీ ఉండేది కాదు. అక్కడ కన్ను ఉంటే సూచనలు మెరుగవుతాయని ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. చివరికి చైనా తన ప్లాన్ మార్చుకుని 2021 జులైలో ఫెంగ్‌యున్-3ఈని ఆ కక్ష్యలోకి పంపింది. ఒక దేశం తన సొంత డబ్బుతో, తనకు అలవాటైన చోటు కాదని, అందరికీ లోటున్న చోటికి వెళ్లింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇదే. దీని గురించి పేపర్లలో పెద్దగా రాలేదు కూడా.

ఈ పంపకం అలవాటు ఎప్పటిది?

శాటిలైట్ల కంటే చాలా పాతది. 1873లో వియన్నాలో వాతావరణ శాస్త్రవేత్తలు కూర్చుని తేల్చుకున్నవన్నీ చప్పటి విషయాలే: ఏ టైమ్‌కు రీడింగ్ తీయాలి, ఏ కొలతల్లో రాయాలి, టెలిగ్రాఫ్‌లో ఎలా పంపాలి. అంతర్జాతీయ వాతావరణ సంస్థ అక్కడి నుంచే మొదలైంది. 1950 మార్చి 23న దాని స్థానంలో ప్రభుత్వాల ఒప్పందం మీద నిలిచిన ప్రపంచ వాతావరణ సంస్థ వచ్చింది. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఐక్యరాజ్య సమితిలో వాతావరణ సూచనల మీద అన్ని దేశాలూ కలిసి పనిచేద్దామన్నారు. 1963లో దేశాలన్నీ వాతావరణ లెక్కలు పంచుకునే వరల్డ్ వెదర్ వాచ్ మొదలైంది. క్యూబా క్షిపణుల గొడవ ముగిసి ఏడాది కూడా కాలేదు. అయినా అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ అందులో చేరాయి.

ఆనాటి చప్పటి నిర్ణయాల విలువ చూడాలంటే హైదరాబాద్‌లోనో విశాఖలోనో వాతావరణ శాఖ బెలూన్ వదిలే చోటికి వెళ్లాలి. హైడ్రోజన్ నింపిన తెల్ల బెలూన్, దాని కింద తాడుకు వేలాడే అరచేతిలో పట్టేంత పెట్టె. పైకి పోయేకొద్దీ ఉష్ణోగ్రత, తేమ, పీడనం రేడియోలో పంపుతూ పోతుంది. బెలూన్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది, పెట్టె ఎక్కడో పడిపోతుంది. మన టైమ్‌లో పొద్దున 5:30 లెక్క, సాయంత్రం 5:30 లెక్క. ఈ 5:30 ఎక్కడిది? గ్రీన్విచ్‌లో అర్ధరాత్రి, మధ్యాహ్నం. నైరోబీలోనూ టోక్యోలోనూ అదే క్షణం కోసం బెలూన్ లేస్తుంది. అందరూ ఒకే క్షణంలో కొలిస్తేనే ప్రపంచం మొత్తానికి ఒక పటం గీయగలరు.

ఒక దేశం శాటిలైట్ చెడిపోతే? చేబదులు ఇచ్చే పద్ధతి ఉందా?

ఉంది. అదీ మాట మీద నడిచే చేబదులే.

1989 జనవరిలో అమెరికా గోస్-6 శాటిలైట్ పనిచేయడం మానేసింది. తర్వాతిది రావాల్సిన టైమ్‌కు రాలేదు, ఏళ్ల తరబడి ఆలస్యమైంది. అట్లాంటిక్ తుఫాన్లను చూడటానికి అమెరికాకు మిగిలింది ఒక్క గోస్-7. అప్పుడు యూరప్ వాళ్లు తమ దగ్గర అదనంగా ఉన్న మెటియోశాట్-3ని పడమరకు జరిపారు. 1991లో 50 డిగ్రీల పశ్చిమ రేఖాంశానికి, 1993లో ఇంకా ముందుకు 75 డిగ్రీలకు. 1994లో గోస్-8 వెళ్లేదాకా అలా లాక్కొచ్చారు.

పదేళ్లు తిరిగేసరికి అప్పు తీర్చే వంతు వచ్చింది, కాకపోతే తీసుకున్నది జపాన్. 1999 నవంబర్‌లో జపాన్ రాకెట్ విఫలమై కొత్త శాటిలైట్ పోయింది. పైనున్న పాతది ఐదేళ్ల ఆయుష్షుతో 1995లో వెళ్లినది, అప్పటికే నీరసపడింది. 2003 మేలో అమెరికా తన గోస్-9ను పసిఫిక్ మీదకు జరిపి జపాన్ కోసం నడిపింది. 2005లో జపాన్ కొత్త శాటిలైట్ పని మొదలుపెట్టేదాకా పసిఫిక్ టైఫూన్లను చూసిన కన్ను అదే.

దీని వెనక ఉన్నది 1972లో మొదలైన వాతావరణ శాటిలైట్ల సమన్వయ బృందం. దానికి పెద్ద ఒప్పంద పత్రం లేదు, భవనం లేదు. శాటిలైట్లు నడిపే సంస్థలు ఏటా కూర్చుని ఎవరి దగ్గర ఏది అదనంగా ఉంది, ఎక్కడ ఖాళీ వచ్చేలా ఉంది అని చూసుకుంటాయి. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులుకు వెళ్లినట్టు. అక్కడా ఎవరూ రాసుకోరు, కానీ ఎవరు రాలేదో ఊరందరికీ గుర్తుంటుంది.

హిందూ మహాసముద్రం సంగతేంటి? మన ఇన్‌శాట్ ఉంది కదా?

ఇక్కడ మన గురించి కొంచెం నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. ఇన్‌శాట్ చిత్రాలు 1980ల నుంచే వస్తున్నా, చాలాకాలం మన దేశం వాటిని బయటికి ఇవ్వడానికి ఇష్టపడలేదు. ప్రపంచ వాతావరణ పటంలో అన్ని సముద్రాల మీదా చిత్రాలు ఉండేవి, మన సముద్రం దగ్గరే వెలితి.

1998లో ఒక పరిశోధన కోసం యూరప్ వాళ్లు మెటియోశాట్-5ని 63 డిగ్రీల తూర్పు రేఖాంశానికి తెచ్చారు. పరిశోధన అయిపోయింది, శాటిలైట్ మాత్రం వెనక్కి పోలేదు. దాని తర్వాత మెటియోశాట్-7, 8, ఇప్పుడు 9. తాత్కాలికంగా వచ్చిన చుట్టం పాతికేళ్లు దాటినా ఉండిపోయినట్టు. ఈలోగా మన పద్ధతీ మారింది. ఇప్పుడు హిందూ మహాసముద్రం మీద నిఘా యూరప్, ఇండియా, చైనా, రష్యా శాటిలైట్ల ఉమ్మడి బాధ్యత. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ ఈ వరసలో తాజాది.

సంతకం పెట్టిన ఒప్పందం మంచిదా, మాట మీద నడిచేదా?

డబ్బు వసూలు చేయాలంటే సంతకం కావాలి. చెప్పుకుని సర్దుకోవడానికి మాట చాలు.

యూరప్ వాతావరణ శాటిలైట్ల సంస్థ యూమెట్‌శాట్ 1986లో ఒప్పందంతో పుట్టింది. ఇప్పుడు అందులో 30 దేశాలు. ఏ దేశం ఎంత కట్టాలన్నది ఆ దేశ జాతీయ ఆదాయాన్ని బట్టి లెక్క కడతారు. పెద్ద దేశం పెద్ద వాటా, చిన్న దేశం చిన్న వాటా, డేటా మాత్రం అందరికీ ఒకటే. ఒక శాటిలైట్ వరస ప్లాన్ చేసి, కట్టి, నడిపి ముగించేసరికి ముప్పై నలభై ఏళ్లు పడుతుంది. ఈలోగా ప్రభుత్వాలు ఎన్ని మారతాయో లెక్కేసుకోండి. అన్నేళ్ల ఖర్చును మాట మీద వదిలేస్తే ఏదో ఒక ఎన్నికల ఏడాది మధ్యలో ఆగిపోతుంది.

రెండో రకానికి పెద్ద ఉదాహరణ జీఈవో, అంటే భూ పరిశీలనల బృందం. 2003 జులైలో వాషింగ్టన్‌లో మొదటి సదస్సు, 2004లో టోక్యో, 2005 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో పుట్టుక. ఆఫీసు జెనీవాలో, ప్రపంచ వాతావరణ సంస్థ భవనంలోనే. చేరడం స్వచ్ఛందం, డబ్బులివ్వడం స్వచ్ఛందం. ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను: అన్ని దేశాల డేటానూ ఒకే గుమ్మంలోంచి ఇవ్వాలన్న దాని మొదటి కల అనుకున్నంతగా పండలేదు. ఎవరి డేటా కావాలంటే వాళ్ల వెబ్‌సైట్‌కే జనం నేరుగా వెళ్తున్నారు. కానీ ఒక గట్టి అవసరం చుట్టూ కట్టినవి బతికాయి. 2007-08లోనూ 2010లోనూ గోధుమ, మొక్కజొన్న ధరలు చుక్కలంటాయి. 2011లో జీ20 వ్యవసాయ మంత్రులు పంటల పరిశీలనకు జియోగ్లామ్ అనే కార్యక్రమం పెట్టారు. గోధుమ, వరి, మొక్కజొన్న, సోయా ఏ దేశంలో ఎలా ఉన్నాయో శాటిలైట్లతో చూసి క్రమం తప్పకుండా చెబుతారు. పుకార్లతో ధర పెరగకుండా ఆపడమే దాని పని.

డబ్బులు ఎవరు పెడతారు? మన డబ్బు బయటికి పోతుందా?

ఎక్కువసార్లు డబ్బు చేతులు మారదు, వస్తువు మారుతుంది. అమెరికా, ఇండియా కలిసి కట్టిన రాడార్ శాటిలైట్ నైసార్ చూడండి. 2014 సెప్టెంబర్ 30న నాసా, ఇస్రో సంతకాలు చేశాయి. ఎల్-బ్యాండ్ రాడార్, 12 మీటర్ల గొడుగులాంటి యాంటెన్నా అమెరికావి. ఎస్-బ్యాండ్ రాడార్, శాటిలైట్ బాడీ, రాకెట్, ప్రయోగం మనవి. ఎవరూ ఎవరికీ చెక్కు రాయలేదు. అంతకుముందు 2011లో ఫ్రాన్స్‌తో మేఘా-ట్రాపిక్స్ శాటిలైట్ కూడా ఇలాగే నడిచింది.

ఈ పద్ధతికి రాజకీయంగా బలం ఎక్కువ. ప్రతి పార్లమెంటుకూ 'మన డబ్బు మన దేశంలోనే, మన ఇంజనీర్లకే ఖర్చయింది' అని చెప్పుకోవచ్చు. బలహీనత కూడా అక్కడే ఉంది: ఒకరి ముక్క ఆగితే ఇద్దరిదీ ఆగుతుంది. నైసార్ యాంటెన్నా మడతపెట్టి ఉన్నప్పుడు ఎండకు మరీ వేడెక్కుతుందని తేలి, బెంగళూరు వచ్చేసినదాన్ని ప్రత్యేక పూత కోసం మళ్లీ కాలిఫోర్నియా పంపాల్సి వచ్చింది. 2024 మొదట్లో అనుకున్న ప్రయోగం 2025 జులై 30 సాయంత్రం 5:40కి శ్రీహరికోట నుంచి జరిగింది. ఆ ఏడాదిన్నరలో ఎవరూ ఎవరినీ కోర్టుకు లాగలేదు. ముందే ఒప్పందంలో ఎవరి ముక్క ఖర్చు, ఎవరి ముక్క ఆలస్యం వాళ్లే భరించాలని ఉంటే గొడవ సగం తగ్గుతుంది.

ఇప్పుడది 12 రోజులకోసారి ఒకే చోటును అదే కోణంలో చూస్తుంది. నేల సెంటీమీటర్లలో కుంగినా పట్టేస్తుంది. ఇస్రో వైపు డేటా దిగే చోట్లలో మన షాద్‌నగర్ ఒకటి.

కోట్లు పెట్టి తీసిన డేటా ఊరికే ఇస్తే నష్టం కాదా?

ఇది పాత వాదన. దీనికి జవాబు అమెరికా భూ పరిశీలన శాటిలైట్ల వరస లాండ్‌శాట్ చరిత్రలో ఉంది.

1972లో మొదలైన లాండ్‌శాట్‌ను 1980ల్లో అమెరికా ప్రైవేటు చేతికి అప్పగించింది. ఒక్క దృశ్యం ధర 4,000 డాలర్లు దాటింది. ఒక యూనివర్సిటీ విభాగం ఏడాది బడ్జెట్‌తో నాలుగు దృశ్యాలు కొనుక్కుని వాటితోనే పీహెచ్‌డీలు లాగించిన కాలం అది. తర్వాత ధర తగ్గించినా, అమ్మకాలు బాగా సాగిన 2001లో కూడా పోయినవి సుమారు 25,000 దృశ్యాలే. 2008లో పూర్తిగా ఫ్రీ అన్నారు. రెండు మూడేళ్లలో డౌన్‌లోడ్లు ఏటా పది లక్షలు దాటాయి. ధర ఉన్నప్పుడు జనం ఒకే దృశ్యాన్ని కొని దాన్నే అరగదీశారు. ధర పోయాక ఒకే చోటు నలభై ఏళ్ల చిత్రాలన్నీ వరసగా పెట్టి అడవి ఎప్పుడు పోయిందో, చెరువు ఎప్పుడు పూడిందో చూడటం మొదలుపెట్టారు. డేటా విలువ అమ్మితే వచ్చే డబ్బులో కాదు, ఎంతమంది వాడారన్న దాంట్లో ఉందని అప్పుడు లెక్క తేలింది.

మన దగ్గర దీనికో చిన్న కొస ఉంది. 1979 నాటికే షాద్‌నగర్ గ్రౌండ్ స్టేషన్ పెట్టారు. సొంత శాటిలైట్ ఐఆర్‌ఎస్-1ఏ 1988 మార్చిలో గానీ వెళ్లలేదు. ఆ మధ్య కాలమంతా మన శాస్త్రవేత్తలు శాటిలైట్ చిత్రం చదవడం నేర్చుకున్నది లాండ్‌శాట్ మీదే, రుసుము కట్టి.

యూరప్ 2014లో సెంటినెల్-1ఏ రాడార్ శాటిలైట్ పంపినప్పటి నుంచే అందరికీ ఫ్రీ అంది. మన దేశం నెమ్మదిగా వచ్చింది. 2011 విధానం మీటరు కంటే స్పష్టమైన చిత్రాలకు తనిఖీ పెట్టింది. 2023 అంతరిక్ష విధానం 5 మీటర్లు, అంతకంటే ముతక చిత్రాలను ఉచితంగా అందుబాటులో ఉంచాలంది.

మన పొలాన్ని మనల్ని అడక్కుండా పై నుంచి ఫోటో తీయొచ్చా?

తీయొచ్చు. 1970ల్లో లాటిన్ అమెరికా దేశాలు ముందస్తు అనుమతి ఉండాల్సిందేనని గట్టిగా పట్టుబట్టాయి. అది నెగ్గలేదు. 1986 డిసెంబర్ 3న ఐక్యరాజ్య సమితి 15 సూత్రాలు ఆమోదించింది. వాటిలో అనుమతి మాట లేదు, దాని బదులు ఇంకోటుంది: ఎవరి నేలను చూశారో ఆ దేశానికి ఆ డేటా వివక్ష లేకుండా, సరైన ధరకు దొరకాలి. చూడొద్దనే హక్కు పోయి, చూసింది చూపించమనే హక్కు వచ్చింది. ఈ బేరంలో పేద దేశాలు ఓడిపోయాయని అప్పట్లో అనుకున్నారు. ఫ్రీ డేటా వచ్చాక చూస్తే అంత చెడ్డ బేరమేమీ కాదనిపిస్తుంది.

సముద్రం ఎవరిదీ కాదు కదా, అక్కడ ఎలా పంచుకుంటారు?

ఆర్గో ఫ్లోట్ గురించి చెప్తే అర్థమవుతుంది. మనిషంత పొడవు గొట్టం, పైన ఒక యాంటెన్నా. ఓడ మీంచి నీళ్లలోకి దించుతారు. అది 1,000 మీటర్ల లోతుకు దిగి తొమ్మిది రోజులు ప్రవాహంతో పాటు కొట్టుకుపోతుంది. తర్వాత 2,000 మీటర్లకు మునిగి, అక్కణ్నుంచి పైకి లేస్తూ దారంతా ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తుంది. పైకి తేలి శాటిలైట్‌కు లెక్క చెప్పి మళ్లీ మునుగుతుంది. పది రోజులకో చుట్టు. కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోయి అక్కడే ఉండిపోతుంది.

ఇలాంటివి 2007 నవంబర్‌కు 3,000, ఇప్పుడు దాదాపు 4,000. సుమారు 30 దేశాలు వేస్తాయి. ఎవరు వేసినా లెక్క 24 గంటల్లోపు అందరికీ. హిందూ మహాసముద్రం ఫ్లోట్ల లెక్కలు చూసేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని మన జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇంకాయిస్.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ప్రవాహానికి సరిహద్దు తెలీదు. ఒక దేశం వేసిన ఫ్లోట్ ఇంకో దేశపు 200 నాటికల్ మైళ్ల పరిధిలోకి కొట్టుకుపోతే అది పరిశోధనా, గూఢచర్యమా? అంతర్జాతీయ సముద్ర చట్టం రాసినవాళ్ల మనసులో ఓడలు ఉన్నాయి, తనంతట తాను కొట్టుకుపోయే గొట్టం లేదు. 1999లో యునెస్కో సముద్ర విజ్ఞాన కమిషన్ ఒక దారి చూపింది, 2008లో దాన్ని సరిచేశారు. ముందుగా చెప్పమని కోరిన తీరదేశానికి, ఫ్లోట్ వాళ్ల నీళ్లలోకి వెళ్లేలా ఉంటే కబురు పెట్టాలి. ఎక్కడుంది, డేటా ఎక్కడ దొరుకుతుంది అన్నదీ చెప్పాలి. చట్టాన్ని మార్చబోతే ఇరవై ఏళ్లు పట్టేది. చట్టం జోలికి పోకుండా మర్యాద లాంటి నియమం ఒకటి పెట్టుకున్నారు, పని నడుస్తోంది.

దీని బలహీనతా చెప్పాలి. మొత్తం ఫ్లోట్లలో దాదాపు సగం అమెరికా ఒక్కటే వేస్తోంది. అక్కడ ఒక బడ్జెట్ కోత పడితే ప్రపంచ సముద్రాల మీద చూపు మసకబారుతుంది.

2004 సునామీ తర్వాత ఏం మారింది?

పసిఫిక్‌లో 1949 నుంచే హవాయిలో హెచ్చరిక కేంద్రం ఉంది. మన సముద్రంలో లేదు. 2004 డిసెంబర్ 26 పొద్దున దాదాపు 6:30కి సుమత్రా దగ్గర భూమి కంపించింది. అలలు మన తూర్పు తీరానికి చేరేసరికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రెండు గంటల్లో తీరానికి అధికారిక హెచ్చరిక అందలేదు. ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా, మొత్తం దేశాల్లో రెండు లక్షలకు పైగా చనిపోయారు.

2005లో హిందూ మహాసముద్ర దేశాల బృందం ఏర్పడింది. ఒకే కేంద్రం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పోటీ మొదలైంది. చివరికి ఒకటి కాదు, మూడు పెట్టారు: హైదరాబాద్‌లో ఇంకాయిస్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా. 2011 అక్టోబర్ నుంచి ఈ మూడూ అందరికీ సేవ అందిస్తున్నాయి. మూడెందుకు, దండగ కదా అని కొందరంటారు. నాకైతే ఇది తెలివైన పనిగానే కనిపిస్తుంది. ఒకటి ఆగితే ఇంకోటి ఉంది, పైగా ఏ దేశమూ ఇంకొకరి దయ మీద లేదు.

ఇంకో నియమం ఇంతకంటే ముఖ్యం. ఈ కేంద్రాలు ముప్పు ఎంతో చెబుతాయి, 'పరుగెత్తండి' అని చెప్పవు. ఆ మాట ఆయా దేశ ప్రభుత్వమే తన ప్రజలకు చెప్పాలి. వేరే దేశం వాళ్లు మన ఊరికి సైరన్ మోగిస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఇంత కట్టుకున్నా, 2018 సెప్టెంబర్‌లో ఇండోనేషియాలోని పాలూలో సునామీ వచ్చినప్పుడు ఆ దేశం సునామీని పట్టడానికి సముద్రంలో లంగరేసిన బోయ్‌లు, అంటే నీటి మీద తేలే యంత్రాలు, ఏళ్ల క్రితమే పనిచేయడం మానేశాయని బయటపడింది. కొన్నిటిని దొంగలు పాడుచేశారు, కొన్నిటికి రిపేరు డబ్బుల్లేవు. పాలూ అలలు నిమిషాల్లో వచ్చాయి కాబట్టి అవి ఉన్నా ఎంత లాభమో వేరే సంగతి.

అలాంటప్పుడు కొత్తగా ఉమ్మడి వ్యవస్థ కట్టాలంటే మొదట ఏం తేల్చుకోవాలి?

పదకొండో ఏడు రిపేరు ఎవరు చేయిస్తారన్నది. చెరువు అందరిదీ అన్నప్పుడు తూము ఎత్తడానికి పదిమంది వస్తారు, పూడిక తీసే రోజు ఎవరూ కనపడరు. రిబ్బన్ కత్తిరించే రోజుకు మంత్రి వస్తాడు, బ్యాటరీ మార్చే రోజుకు రాడు. దాతల డబ్బుతో పేద దేశాల్లో పెట్టిన వాతావరణ స్టేషన్లు ప్రాజెక్టు అయిపోగానే మూగబోవడం మామూలైపోయింది.

దీనికి మందు ఈ మధ్యే దొరికింది. 2021లో ప్రపంచ వాతావరణ సంస్థ ఒక కనీస వల నిర్ణయించింది: నేల మీద 200 కిలోమీటర్లకో స్టేషన్ గంటగంటకూ లెక్క పంపాలి, 500 కిలోమీటర్లకో చోట రోజుకు రెండు బెలూన్లు లేవాలి. పేద దేశాలకూ చిన్న దీవులకూ దీనికోసం సాఫ్ అనే నిధి పెట్టారు. అది యంత్రం కొనడానికే కాదు, లెక్కలు నిజంగా వస్తున్నాయా అని చూసి, వస్తుంటేనే నడిపే ఖర్చుకు కూడా డబ్బిస్తుంది. ఆఫ్రికా మీద వదిలిన బెలూన్ వల్ల యూరప్ సూచన మెరుగవుతుంది, కాబట్టి ఇది దానం కాదు, చందా.

రెండోది, పని ఎంత చిన్నదిగా గీస్తే అంత గట్టిగా నిలుస్తుంది. విపత్తు వస్తే అంతరిక్ష సంస్థలు శాటిలైట్ చిత్రాలు ఊరికే ఇచ్చే ఏర్పాటు, విపత్తుల చార్టర్ చూడండి. 1999లో వియన్నాలో ఆలోచన, 2000 నవంబర్ 1 నుంచి పని, 2001లో ఇస్రో చేరిక. వరదో భూకంపమో వస్తే అధికారం ఉన్న సంస్థ ఒకటి ఫోన్ చేస్తుంది. రాత్రయినా పగలైనా డ్యూటీలో ఉన్న అధికారి అందుకుని, ఏ శాటిలైట్ ముందు అటు పోతుందో చూసి పని అప్పజెబుతాడు. బాధిత దేశం పైసా కట్టక్కర్లేదు. కరువుకు ఇది పనిచేయదు, యుద్ధానికి అసలు పనిచేయదు. ఆ గీత దాటనందుకే 900 సార్లకు పైగా వాడినా చెక్కుచెదరలేదని నా నమ్మకం.

అమెరికా, చైనా మధ్య గొడవలు దీన్ని దెబ్బతీయవా?

తీస్తాయి. 2011 నుంచి అమెరికా చట్టం నాసా నిధులతో చైనాతో నేరుగా పనిచేయడాన్ని కట్టడి చేసింది. కానీ పదిమంది కూర్చునే బల్ల దగ్గర ఇద్దరూ ఉంటారు. 1984 నుంచి నడుస్తున్న భూ పరిశీలన శాటిలైట్ల కమిటీలో, ఇంకా ఇలాంటి సమావేశాల్లో రెండు దేశాల ఇంజనీర్లూ ఒకే గదిలో సెన్సర్ల లెక్కలు సరిపోల్చుకుంటారు. ఇద్దరి మధ్య ఒప్పందం ఇద్దరి మూడ్ మీద ఆధారపడుతుంది. ఎక్కువమంది ఉన్నచోట ఒకరు అలిగినా భోజనం ఆగదు.

5జీకి, దీనికి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. గాల్లోని నీటి ఆవిరి 23.8 గిగాహెర్ట్జ్ దగ్గర సన్నగా రేడియో తరంగాలు వెదజల్లుతుంది. శాటిలైట్లు ఆ గుసగుసే వింటాయి. పక్కనే 24.25 నుంచి 5జీకి ఇచ్చారు. 2019లో ఈజిప్టులో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో ఎంత శబ్దం పొరలిపోవచ్చో పరిమితి పెట్టారు, 2027 నుంచి అది ఇంకొంచెం బిగుస్తుంది. వాతావరణ శాస్త్రవేత్తలు అది చాలదన్నారు. టెలికం వేలంలో వచ్చే డబ్బు ముందు వాన కబురు గొంతు ఎప్పుడూ చిన్నదే.

ఈ డేటా మామూలు మనిషికి అందుతుందా? నేను మా ఊరి చెరువు చూడొచ్చా?

చూడొచ్చు. యూరప్ వాళ్ల కోపర్నికస్ బ్రౌజర్ తెరిచి మీ ఊరికి జూమ్ చేయండి. సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో సుమారు ఐదు రోజులకోటి ఉంటాయి. చూడటానికి లాగిన్ అక్కర్లేదు, డౌన్‌లోడ్‌కు మాత్రం కావాలి. ఇస్రో చిత్రాలకు భువన్, వాతావరణ శాటిలైట్లకు మోస్‌డాక్, పాత లాండ్‌శాట్‌కు అమెరికా ఎర్త్ ఎక్స్‌ప్లోరర్. సముద్రం మీదకు వెళ్లేవాళ్లు ఇంకాయిస్ ఇచ్చే చేపల సూచన రోజూ వాడుతూనే ఉన్నారు. అందులోనూ శాటిలైట్ చూసిన నీటి వేడి, నాచు లెక్కలే ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. జులై, ఆగస్టుల్లో చూస్తే మీ చెరువు బదులు తెల్లటి మబ్బే కనిపిస్తుంది. అప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రం ఎంచుకోండి. నీరున్న చోటు అందులో నల్లగా ఉంటుంది.